కుడిచేయి, పాదం: తొలి ఊపిరి గురించి
(నెల్లూరులో చేసిన స్మారకోపన్యాసం)

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ పెట్టారో ఆ డాక్టరుగారికి పొగడ్తలు గిట్టేవి కావట. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

పుట్టిన బిడ్డ నీలంగా మారితే మన సముద్రపు పల్లెల్లో వినబడేది ఒకటే మాట: "ఉమ్మనీరు తాగేశాడమ్మా." చాలాసార్లు నిజమే. తేదీ దాటిన బిడ్డ కడుపులోనే దొడ్డికి పోతే, అది కలిసిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అయితే ఆక్సిజన్ ఎంత పెట్టినా నీలం వదలని బిడ్డలు కొందరుంటారు. వాళ్ల చిక్కు గాలి దారితో పోదు, రక్తం దారిలోనూ ఉంటుంది.

తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ ప్రాణవాయువు మాయ నుంచి అందుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి. గుండె పంపే రక్తంలో కొద్దిపాటే అటు పోతుంది, మిగతాది పక్కదారిన వెళ్లిపోతుంది. పుట్టి ఊపిరి తీసుకోగానే ఆ నాళాలు విచ్చుకోవాలి, రక్తప్రవాహం ఎనిమిది పది రెట్లు పెరగాలి. విచ్చుకోకపోతే పక్కదారే కొనసాగుతుంది. వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఇద్దరికి ఈ గండం వస్తుంది. దీన్ని మేం పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటాం.

ఆ నాళాలు ఎందుకు విచ్చుకుంటాయి, ఎందుకు మొరాయిస్తాయి? విస్కాన్సిన్ మెడికల్ కాలేజీలో గణేశ్ కొండూరి ఏళ్ల తరబడి వెంటపడిన ప్రశ్న ఇదే. ఇంటిపేరు వినగానే మీరు తలలు ఊపుతున్నారు, కనబడుతోంది. ఆయన పరిశోధన చాలావరకు గొర్రెపిల్లల మీద, అదీ తల్లి కడుపులో ఉండగానే. నాళాలు విచ్చుకోవడంలో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ పాత్ర ఉందని 2002లో చూపించారు. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైముకు హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రొటీన్ తోడు తగ్గితే ఆ పని కుంటుపడుతుందని మరుసటి ఏడు రాశారు.

నాకు మరీ నచ్చినది మాత్రం 2004 నాటి అధ్యయనం. నైట్రిక్ ఆక్సైడ్ వాయువును బిడ్డ బాగా దిగజారాక ఇవ్వడం అప్పటి పద్ధతి. ముదరకముందే ఇస్తే? 299 మంది శిశువులను రెండు జట్లుగా చేసి చూశారు. మరణాల్లో గానీ, గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి యంత్రానికి అప్పగించాల్సిన అవసరంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మాటే ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. అదే సమాచారాన్ని 2013లో మళ్లీ తిరగేసినప్పుడు, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ మందుతో కలిపి ముందుగా ఇచ్చినచోట ఫలితం మెరుగ్గా కనబడింది. అది వెనక్కి తిరిగి చూసిన లెక్క గనక దాని మీద ఎక్కువ బరువు మోపలేం.

ఆ బిడ్డలంతా అప్పటికే వెంటిలేటర్ మీద, నిపుణుల చేతుల్లో ఉన్నవాళ్లు. మన దగ్గర పోయేది ఆ చివరి గంటలు కాదు, మొదటి గంటలని నా అభిప్రాయం. తడ నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైమాటే. ఇరకం దీవి నుంచైతే ముందు పడవ దొరకాలి.

కాబట్టి నైట్రిక్ ఆక్సైడ్ సిలిండర్ కోసం అర్జీలు పెట్టేముందు చేతిలో ఉన్నదాన్ని వాడదాం. పల్స్ ఆక్సీమీటర్ చాలు. పుట్టి పది నిమిషాలు దాటాక బిడ్డ కుడి అరచేతికి ఒకసారి, పాదానికి ఒకసారి పెట్టి చూడండి. చేతిలో 95, పాదంలో 82 చూపిస్తే రక్తం పాత పక్కదారి పట్టిందని అనుమానించాలి. పుట్టుకతో వచ్చే కొన్ని గుండె జబ్బుల్లోనూ ఇలాగే చూపిస్తుంది. ఏదైనా సరే, 108కి ఫోన్ చేయాల్సిందే. తేడా లేకపోయినంత మాత్రాన గండం లేదనీ కాదు. కొందరిలో రక్తం గుండె గదుల మధ్యే దారి తప్పుతుంది. అంకెలు రాసిన చీటీ బిడ్డతోపాటే పంపండి. దారిలో ఒళ్లు చల్లబడనివ్వకండి, చలికి నాళాలు ఇంకా బిగుసుకుంటాయి.

ఆక్సిజన్ కూడా కొలతతోనే. నెలలు నిండిన బిడ్డకు ఊపిరి పోసేటప్పుడు మామూలు గాలితో మొదలుపెట్టవచ్చని ఢిల్లీలో సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వేకు చెందిన సౌగ్‌స్టాడ్ కలిసి 1993లోనే చూపారు. ప్రపంచ మార్గదర్శకాలు ఆ దారికి వచ్చేసరికి 2010 అయింది.

ఇక తుపాను కాలం. హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణుల పట్టీ తీసి, వాళ్లను ముందే ఆసుపత్రులకు చేరుస్తున్నారు. మంచి పని. ఆశా కార్యకర్తలకు నాది ఒక్క మనవి: ఆ పట్టీలో అందరికన్నా పైన, తేదీ దాటినవాళ్ల పేర్లు రాయండి.