ఫొటో ముందు నిలబడ్డ ఊరు
(ఏమోస్ సాయర్ స్మారకోపన్యాసం)



అంతర్యుద్ధం ముగిశాక పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాలో పాత సైన్యాన్ని పూర్తిగా రద్దు చేసి, సుమారు రెండు వేల మందితో కొత్తది కట్టారు. చేరడానికొచ్చిన కుర్రాళ్ల ఫొటోలు జనం ముందు పెట్టారు. ఇతను మీ ఊళ్లో ఎవరినైనా చంపాడా, ఇల్లు దోచాడా, తెలిస్తే చెప్పండి, మీ పేరు బయటికి రాదన్నారు. ఆ ఫొటోల ముందు ఆగిన తల్లిని తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ కుర్రాణ్ణి సరే, వాడికి హుకుం ఇచ్చేవాణ్ణి ఎవరు నిలదీస్తారు? లైబీరియా రాజనీతి శాస్త్రవేత్త, ఆచార్య ఏమోస్ సాయర్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1945లో పుట్టారు. అమెరికాలో డాక్టరేట్ చేసి, తిరిగొచ్చి లైబీరియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1980లో శామ్యూల్ డో తుపాకీతో గద్దెనెక్కాక, కొత్త రాజ్యాంగం ముసాయిదా రాసిన సంఘానికి సాయరే అధ్యక్షులు. 1984లో ఆ డో ప్రభుత్వమే ఆయన్ని నిర్బంధించింది. విద్యార్థులు అడ్డం తిరిగితే సైనికులు క్యాంపస్ మీద పడ్డారు.

1989 డిసెంబరులో తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ యుద్ధం మొదలుపెట్టాడు. మరుసటేడు మన ఆచార్యుడు తాత్కాలిక దేశాధ్యక్షుడయ్యారు. పేరుకి దేశం, చేతిలో ఉన్నది రాజధాని మన్రోవియా నగరం. దానికీ పొరుగు దేశాల సైన్యమే కాపలా. మిగిలిన నేలలో ఎక్కువ భాగం టేలర్‌ది. ఆ పదవిలో ఉండగానే, 1992లో, లైబీరియాలో నిరంకుశత్వం పుట్టుక మీద ఆయన పుస్తకం వచ్చింది. డో, టేలర్‌ల దుర్మార్గంతోనే ఇదంతా మొదలైందని ఆయన అనలేదు. దేశం ఏర్పడ్డ 1847 నుంచి అధికారమంతా అధ్యక్షుడి కుర్చీలోకే పోగుపడుతూ వచ్చిందని, ఆ కుర్చీ కోసమే రక్తం పారిందని చూపించారు. నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే.

1994లో దిగిపోయారు. 2000లో మాజీ యోధుల గుంపొకటి ఆయన కార్యాలయంలోకి చొరబడి ఆయన్ని కొట్టింది. ప్రాణాలతో బయటపడి ఇండియానా విశ్వవిద్యాలయం చేరారు. అక్కడ విన్సెంట్, ఎలినార్ ఆస్ట్రమ్ దంపతులు, ఊరివాళ్లు నీళ్లనీ అడవులనీ తామే ఎలా చూసుకోగలరో పరిశోధిస్తున్నారు. హుకుం ఇచ్చేవాణ్ణి ఎవరు నిలదీయాలన్న ప్రశ్నకు ఆయనకు కావలసిన జవాబు అక్కడ దొరికింది: ఊరివాళ్లే. 2005లో రెండో పెద్ద పుస్తకం వచ్చింది.

అంతర్యుద్ధాన్ని ముగించిన 2003 శాంతి ఒప్పందం తర్వాత లక్ష మందికి పైగా యోధులమని నమోదు చేసుకున్నారు. చేతికొచ్చిన ఆయుధాలు సుమారు 28 వేలు. 2007లో మన దేశపు మహిళా పోలీసులు, ఐక్యరాజ్యసమితి తొలి పూర్తి మహిళా దళంగా, మన్రోవియా వీధుల్లో గస్తీ తిరిగారు. వాళ్ల కాపలా అవసరమే. సాయర్ మాత్రం పాలనా సంస్కరణల సంఘం అధ్యక్షుడిగా కూర్చుని, మనకు చాలా మామూలుగా కనిపించే ఒక సంగతి కోసం ఏళ్ల తరబడి పోరాడారు. మన ఊరి సర్పంచిని మనం ఓటేసి ఎన్నుకుంటాం. లైబీరియాలో మాత్రం మన జిల్లాలాంటి కౌంటీని నడిపే సూపరింటెండెంటుని దేశాధ్యక్షుడే నియమిస్తాడు.

2018లో స్థానిక పాలన చట్టం వచ్చింది. అయినా 2022 ఫిబ్రవరిలో సాయర్ కన్నుమూసే నాటికి, పదిహేను కౌంటీల సూపరింటెండెంట్లూ అధ్యక్షుడు నియమించినవాళ్లే.