చేబదులు నుండి బ్యాంకు గడప వరకు

(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో చాలామంది బతికేది ఉద్యోగం మీద కాదు, సొంత రెక్కల మీద. కుట్టు మిషను, వెల్డింగ్ షాపు, పండ్ల బండి, మాంసం దుకాణం, టైరు పంక్చర్ల కొట్టు, పరుపుల తయారీ, గాజుల అంగడి – ఇవే మన జీవనాధారాలు. ఈ దుకాణాలు మూతపడినప్పుడు పని రాక మూతపడ్డాయని లోకం అనుకుంటుంది. మేము చూసినంతవరకు పనితనం లేక మూతపడినవి తక్కువ. సమయానికి పది వేలో ఇరవై వేలో చేతికి అందక మూతపడినవే ఎక్కువ. ఈ వెలితి గురించి, దానిని మనమే పూడ్చుకొనే మార్గం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

వెలితి మూడు విధాలుగా వస్తుంది. మొదటిది కాలం తెచ్చే వెలితి. ఆదిలాబాద్, భైంసా మార్కెట్లకు కొత్త పత్తి వచ్చే రోజులలో పరుపులు కుట్టే దూదేకుల సోదరుడు దూది కొని నిలువ పెట్టుకోవాలి. అమ్మకం జరిగేది పెళ్ళిళ్ళ కాలంలో. దర్జీ రంజాన్‌కు రెండు నెలల ముందే గుడ్డ, దారం, లైనింగు తెచ్చుకోవాలి. డబ్బు వచ్చేది పండుగ వారంలో. రెండవది వాటా వెలితి. యంత్రానికి బ్యాంకు అప్పు ఇస్తానంటుంది, కానీ కొంత సొమ్ము మీ చేతి నుండి పెట్టమంటుంది. గల్ఫ్‌లో పదేళ్ళు ఏసీ మెకానిక్‌గా చేసి జగిత్యాలకో నిర్మల్‌కో తిరిగి వచ్చిన యువకుని చేతిలో విద్య ఉంటుంది, ఆ వాటా సొమ్ము ఉండదు. మూడవది ఎదురుచూపు వెలితి. పథకం మంజూరైందన్న కబురు వస్తుంది, సొమ్ము ఖాతాలో పడదు. ఈలోగా దుకాణం అద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు.

ఈ మూడు సందర్భాలలోనూ మన మనిషి ఎవరి దగ్గరకు పోతున్నాడు? గిరిగిరి వాళ్ళ దగ్గరకు. పది వేల అప్పని రాసుకొని చేతిలో తొమ్మిది వేలు పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తీరిపోతూనే ఉంటుంది కనుక సరిగా లెక్క కడితే ఆ మిత్తి ఏడాదికి నూటికి 75 రూపాయలు దాటుతుంది. తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్మే మనిషి పెద్ద పెద్ద కంపెనీలు కట్టే వడ్డీకి ఎన్నో రెట్లు కడుతున్నాడన్నమాట. లాభం కావలసిన సొమ్ము పొద్దున్నే వసూలు పుస్తకంలోకి పోతున్నది.

ఇది ఒక ఊరి కథ కాదు. 2005లో నియమితమై 2006 నవంబరులో నివేదిక సమర్పించిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ బ్యాంకుల లెక్కలు తీసి చూసింది. ప్రాధాన్య రంగ రుణాల ఖాతాదారులలో ముస్లింలు నూటికి 12 మంది వరకు ఉండగా, రుణ మొత్తంలో వారి వాటా 4.6 శాతం మాత్రమేనని తేలింది. అంటే గడప దాటినవారికి కూడా దక్కింది చిల్లరే. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే బస్తీలను రుణాలకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని కూడా ఆ కమిటీ రాసింది. మన రాష్ట్రంలో జి. సుధీర్ అధ్యక్షతన 2015లో ఏర్పడి 2016లో నివేదిక ఇచ్చిన విచారణ సంఘం కూడా ముస్లింల వెనుకబాటును సవివరంగా నమోదు చేసింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనము. ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే మైనారిటీల ఆర్థిక సంస్థ ఏర్పడింది. జాతీయ సంస్థ 1994లో వచ్చింది. 2023లో పూర్తి సబ్సిడీతో లక్ష రూపాయల సాయం ప్రకటించారు. 2025లో ప్రకటించిన రాజీవ్ యువ వికాసంలో యాభై వేల వరకు పూర్తి సబ్సిడీ అన్నారు. లక్ష వరకు 90 శాతం, రెండు లక్షల వరకు 80 శాతం, నాలుగు లక్షల వరకు 70 శాతం సబ్సిడీ అని, మిగతాది బ్యాంకు రుణమని చెప్పారు. కాగితం మీద ఇవి మంచి పథకాలే. అయితే పథకం ఒక తేదీన పుడుతుంది, ఒక జాబితాతో ముగుస్తుంది. దూది ధర, రంజాన్ నెల, దుకాణం అద్దె ఆ తేదీల కోసం ఆగవు. కనుక పథకానికీ అవసరానికీ మధ్య ఒక వంతెన కావాలి. ఆ వంతెన మనం కట్టుకోదగినదే.

దీనికి దూరదేశాల ఉదాహరణలు వెతకనక్కరలేదు. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరును చూడండి. ఇప్పుడది హనుమకొండ జిల్లాలో ఉన్నది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు 1956లో అక్కడ ప్రారంభించిన సహకార గ్రామీణ బ్యాంకు రైతుకు అప్పు ఇవ్వడంతో ఆగలేదు. ఎరువులు అమ్మింది, పంట కొన్నది, మిల్లులు నడిపింది. అదే నేల మీద, వరంగల్, కరీంనగర్ పల్లెలలో, 1990 నుండి కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ చొరవతో మహిళల పొదుపు సంఘాలు పెరిగాయి. నెలనెలా కొద్ది మొత్తం దాచుకొని, తమలో తాము అప్పు ఇచ్చుకొని, లెక్కలు తామే చూసుకున్నారు. ఆ పొదుపు అలవాటు గట్టిపడిన నేల మీదే ముల్కనూరు మహిళల పాల డెయిరీ నిలబడింది. పొరుగింటి అక్కచెల్లెళ్ళు చేసింది మనం చేయలేమా?

మన సమాజంలోనూ ఈ సంప్రదాయం ఉన్నది. దేవబంద్‌లో ముస్లిం ఫండ్ 1961లో, హైదరాబాద్‌లో తూర్ బైతుల్ మాల్ 1966లో ఏర్పడ్డాయి. వడ్డీ లేని సహకార సంఘాలను ప్రోత్సహించడానికి 2010లో ఢిల్లీ కేంద్రంగా సహూలత్ అనే సంస్థ వచ్చింది. ఖర్జె హసనా అనే మాట మన ఇళ్ళలో అందరికీ తెలుసు. తెలుగులో దానికి చక్కని పేరున్నది – చేబదులు. వడ్డీ ఆశించకుండా ఇచ్చి, ఇచ్చినంతే తిరిగి తీసుకోవడం. అయితే చేబదులు ఇద్దరు మనుషుల మధ్య ఉన్నంతకాలం పరిచయం ఉన్నవారికే దొరుకుతుంది. పరిచయం లేని వితంతువుకు, కొత్తగా ఊరు వచ్చిన కార్మికునికి దొరకదు. దానికి ఒక సంఘం, ఒక పుస్తకం, ఒక నియమం ఏర్పడినప్పుడే అది అందరిదీ అవుతుంది.

చట్టం కూడా మనకు అనుకూలంగానే ఉన్నది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ వాటాధనం ఉండదు, ప్రభుత్వ పెత్తనమూ ఉండదు. నియమావళి సభ్యులే రాసుకుంటారు. రాజ్యాంగ 97వ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకొనే స్వేచ్ఛను 19(1)(సి) అధికరణంలో చేర్చింది. అంటే ఇది ప్రాథమిక హక్కు.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు వందలమంది సభ్యులు నెలకు రెండు వందల రూపాయల చొప్పున పొదుపు చేస్తే నెలకు నలభై వేలు, ఏడాదికి 4,80,000 అవుతుంది. ఇరవై వేల చొప్పున 24 మందికి ఒకేసారి ఇవ్వవచ్చు. పది నెలసరి వాయిదాలలో తిరిగి కడితే నెలకు 48,000 వెనక్కు వస్తుంది. కొత్త పొదుపు నలభై వేలు కలిస్తే ప్రతి నెలా మరో నలుగురికి ఇవ్వవచ్చు. గిరిగిరి వానికి పోయే సొమ్ము దుకాణంలోనే మిగులుతుంది.

అయితే కొన్ని కట్టుబాట్లు లేనిదే ఈ పని మొదలు పెట్టరాదు. సభ్యుల పొదుపే మూలధనం కావాలి. జకాత్ సొమ్మును దీనితో కలపరాదు. జకాత్ హక్కుదారులు వేరు, దాని లెక్క వేరు. గుమాస్తా జీతానికి, పుస్తకాలకు అయ్యే నిజమైన ఖర్చునే సభ్యుల మీద పంచాలి. ఎంత పేరున్న పెద్దమనిషికైనా కాగితం లేకుండా ఒక్క రూపాయి ఇవ్వరాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును రాసి పెట్టుకోవడం గురించే ఉన్నదని మన పండితులు ఎప్పుడూ గుర్తు చేస్తుంటారు. ఏటా ఆడిట్ జరగాలి. సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపించాలి. సభ్యత్వానికి మతం అడ్డు కారాదు. ఒకే వీధిలో పక్కపక్కన దుకాణాలు పెట్టుకొన్నవారు ఒకే పుస్తకంలో సభ్యులు కావడం ఇద్దరికీ క్షేమం.

లాభం ఆశ చూపి డిపాజిట్లు సేకరించరాదు. హలాల్ లాభమని నమ్మించిన కొన్ని కంపెనీలు హైదరాబాద్‌లో, బెంగళూరులో కూలిపోయినప్పుడు ఎందరి బంగారం, ఎందరి పెళ్ళి సొమ్ము పోయిందో మీరు ఎరుగుదురు. అలాగే వసూలు పేరిట ఇంటి ముందు నిలబడి పరువు తీయరాదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి ప్రాణాల మీదికి తేగా 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. కట్టలేని స్థితి నిజమైనదైతే గడువు పెంచాలి. కట్టగలిగీ కట్టనివాని పేరు సర్వసభ్య సమావేశం ముందుకు రావాలి. ఈ తేడా తేల్చవలసింది కమిటీ, వసూలు కుర్రవాడు కాదు.

మహిళల గురించి ప్రత్యేకంగా మనవి చేస్తాము. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాలలో బీడీలు చుట్టే ఇళ్ళలో నెల గడిచేది ఎక్కువగా ఆడవారి వేళ్ళ మీద. అప్పు కావలసింది వారికి, సంతకం మాత్రం మగవారిది అనే పద్ధతి మన సంఘంలో ఉండరాదు. కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి.

ఇక చివరి విషయం, అన్నిటికంటే ముఖ్యమైనది. మన సంఘం బ్యాంకుకు బదులు కాదు. మీకు మీ సంఘం ఉన్నది కదా అని ఎవరైనా మనలను గడప బయట నిలబెడితే ఒప్పుకోరాదు. ప్రాధాన్య రంగానికి బ్యాంకులు నూటికి 40 వంతులు ఇవ్వాలి. అందులో బలహీన వర్గాలకు 12 వంతులు చేరాలి. మైనారిటీలు ఆ బలహీన వర్గాల జాబితాలో ఉన్నారు. చిన్న పరిశ్రమలకు ఒక పరిమితి వరకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు నియమం. 2015 నాటి ముద్రా, వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన స్వనిధి మన కోసం కూడా ఉన్నవే.

మేము ఉద్యోగకాలమంతా ప్రభుత్వ కార్యాలయాలలో ఫైళ్ళు నడిపినవాళ్ళం. కార్యాలయానికి మనిషి గోడు వినిపించదు, కాగితమే కనిపిస్తుంది. అందుచేత దరఖాస్తు నోటితో కాక రాతతో ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. కాదన్నప్పుడు కారణం రాసి ఇమ్మని కోరండి. ఆ కాగితాలన్నీ సంఘంలో ఒక చోట చేర్చితే, ఏ శాఖలో ఎందరికి ఏ కారణంతో కాదన్నారో లీడ్ బ్యాంకు ముందు, జిల్లా కలెక్టరు సమీక్షలో చూపగలుగుతాము. ఒక్కడి ఫిర్యాదును పక్కన పెట్టగలరు, యాభై మంది కాగితాలను పక్కన పెట్టలేరు. సంఘంలో పది నెలలు తప్పకుండా కట్టిన వాయిదాల పుస్తకం కూడా బ్యాంకు ముందు ఒక సాక్ష్యమే. చేబదులు మొదటి మెట్టు. చేరవలసింది బ్యాంకు గడప.

మనవాళ్ళు తిరిగి కట్టరని కొందరు పెద్దలు సందేహిస్తున్నారు. గిరిగిరి వానికి రోజుకు నూరు రూపాయలు ఎండనక వాననక కడుతున్నది మనవాళ్ళే కదా. వారి నిజాయితీకి అంతకంటే రుజువు ఏమి కావాలి?

ఈ సభ ముగిసేలోగా ఒక్కొక్క పట్టణం నుండి వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది పేర్లు రాసి ఇవ్వండి. నియమావళి నమూనా రాయడానికి, నమోదు కాగితాలు సిద్ధం చేయడానికి, లెక్కల పుస్తకం నేర్పడానికి మేము వస్తాము. మొదటి నెల పొదుపు వచ్చే నెల మొదటి శుక్రవారం జమ కావాలని మా కోరిక. సెలవు.