తోటలో నేలను వట్టిగా ఉంచకండి



పట్నంలో కాపురముంటున్న మనలో చాలామందికి ఊళ్లో ఎకరమో, రెండెకరాలో మామిడితోట ఉంటుంది. కొందరికది పసుపు కుంకుమల కింద పుట్టింటివారిచ్చినది. ఏటా పూతమీదనో, పిందెమీదనో దానిని వ్యాపారికి గుత్తకిస్తాము. గుత్త డబ్బూ, బుట్టెడు పళ్లూ ఇంటికి చేరితే చాలుననుకుంటాము. కాయ దింపుకోవడంతో వ్యాపారి పని సరి. మరి చెట్టుకింది నేలను చూసేదెవరు?

"తోటంతా దున్నించేశాము, గడ్డిపరక లేదు" అని కొందరు గొప్పగా చెబుతారు. ఇల్లు ఊడ్చినట్లు నేలను ఊడ్చిపెట్టకూడదండీ. ముగ్గుపిండి కుప్పమీద చెంబెడు నీళ్లు కుమ్మరించి చూడండి. వట్టి నేలమీద జడివాన పడితే పైమట్టి కూడా అలాగే కొట్టుకుపోతుంది. చెట్టుకు బలమిచ్చేది ముఖ్యంగా ఆ పైమట్టే.

దీనికి విరుగుడు మన పెద్దలెరిగినదే. తొలకరి వానలకు చెట్ల నడుమ జనుము గాని, జీలుగ గాని, పిల్లిపెసర గాని చల్లించడం. పది మీటర్ల ఎడంలో నాటిన మామిడితోటలో ఎకరాకు 40 చెట్లే ఉంటాయి. లేత తోటలో మధ్య నేలంతా ఖాళీయే కదా! ఇవన్నీ మన వంటింటి కంది, పెసరలకు చుట్టాలే. వీటి వేళ్లమీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. ఆ మొక్కను నేలలో కలియదున్నితే అదే ఎరువన్నమాట.

జనుము ఎకరాకు సుమారు 15 కిలోలు పడుతుంది. పాదుల్లో మాత్రం చల్లకూడదు. 45, 50 రోజులకు పూత మొదలుకాగానే తేమ ఉన్నప్పుడే దున్నించాలి. ఆలస్యమైతే కాడ నార కడుతుంది, త్వరగా చివకదు. చౌడు నేలకు జీలుగ మేలు. పశువులున్నవారికి పిల్లిపెసర మంచి మేత కూడాను. వానలు తక్కువైన చోట ఉలవలు వేసుకోవచ్చు. అలసంద వేస్తే ఒక కోత కాయ కూరకు వస్తుంది, తీగ నేలకు పోతుంది.

అయితే ఏ పచ్చదనమైనా మంచిదేననుకోకండి. బీహారులోని పూసాలో ఆల్బర్టు హోవర్డు అనే శాస్త్రజ్ఞుడు పండ్లచెట్ల కింద గడ్డి పెంచి చూస్తే లేత చెట్లు దెబ్బతిన్నాయి. గడ్డి నీటికీ, వేళ్లకందే గాలికీ పోటీ. అందుకే మన పైరును కూడా వానలు వెనుకబట్టే లోపలే నేలలో కలిపెయ్యాలి. మామిడికి పూతకు ముందు కొంత విశ్రాంతి అవసరం.

ఇంత దూరాన ఉండి ఇదంతా ఎలా చేయిస్తామంటారా? గుత్త కాగితం రాసుకునేటప్పుడే డబ్బులో కొంత విత్తనానికీ, దుక్కికీ విడిగా తీసిపెట్టండి. తొలకరికి ముందే ఊళ్లో నమ్మకమైనవారికి పని అప్పగించండి. రాయితీ విత్తనం దొరుకుతుందేమో మండల వ్యవసాయాధికారిని అడిగించండి. దసరాకు ఊరు వెళ్లినప్పుడు తోటలో పిడికెడు మట్టి తీసి నలిపి చూడండి. నల్లగా, గుల్లగా ఉన్నదా, లేక ఇసుకలా జారిపోతున్నదా?

చెట్టును మన పిల్లలకు ఇవ్వాలంటే, దాని కింది మట్టిని కూడా ఇవ్వాలి. అది మన చేతిలోనే ఉన్నది.