పాలచవుడు నేర్పిన పాఠము

 

మన సంఘ వార్షిక మహాసభయందు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను వక్తను గాను. సుమారు నలువది సంవత్సరములు మట్టిని నలిపి, కరగించి, తూచి చూచినవాడను. కావున మట్టిని గూర్చియే మనవి చేసెదను.

భూసారశాస్త్రము మనకు నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. కోయంబత్తూరునందు పనిచేసిన రావుబహదూర్ బి. విశ్వనాథ్ గారు మెకారిసన్ దొరగారితో గూడి, పశువుల యెరువుతో పండిన ధాన్యము రసాయనపు టెరువుతో పండినదానికంటె పోషకశక్తియందు మేలైనదని 1926వ సంవత్సరముననే ప్రకటించిరి. పిమ్మట ఆయన ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధనాలయమునకు డైరెక్టరైరి. బాపట్ల కళాశాలలో నీ సంగతి వింటిని గాని, యూరియా బస్తాయే సర్వస్వమని తలచిన ఆ దినములలో మరచితిని.

1974లో, ఉద్యోగమున ప్రవేశించిన క్రొత్తలో, సముద్రమునకు రెండు క్రోసుల దూరముననున్న గ్రామమునుండి మా మేనమామగారు ఒక సంచిలో మట్టి తెచ్చిరి. నారు నాటిన పదిదినములకే కొనలు మాడి చచ్చుచుండెనట. "పాలచవుడురా అబ్బయా" అని ఆయన మొదటనే చెప్పెను. నేను ఆ మాటను చెవిని బెట్టక, పొలమైనను చూడక, జిప్సము చల్లుడని చీటి వ్రాసియిచ్చితిని. ఆయన అప్పుచేసి జిప్సము తోలించిరి. రెండు పంటలు పోయినవి.

కారుచవుడు వేరు, పాలచవుడు వేరు. కారుచవుటియందు సోడియము మట్టిరేణువులను బట్టి నేలను బిగించును. ఉదజని సూచిక 8.5కు మించును. అచ్చట జిప్సములోని కాల్షియము సోడియమును వెడలగొట్టును. పాలచవుటియందు కరగెడు లవణములే మెండు. దానికి మందు మంచినీరును, ఆ నీరు ఉప్పును కడిగి కొనిపోవుటకు మురుగుకాలువయు. రైతు తన నేలకు పెట్టిన పేరులోనే వైద్యమున్నది. పుస్తకము చదివిన నేను దానిని గుర్తెరుగనైతిని.

తప్పు తెలిసికొని ఆ గ్రామమునకు పోయితిని. ఇరుగుపొరుగువారు కలసి మురుగుకాలువ త్రవ్విరి. పెన్న కాలువనీరు నిలువగట్టి వదలిరి. జీలుగ చల్లి, పూతదశయందు కలియదున్నిరి. మూడవయేట వరి నిలిచినది. ఆనాడు మామగారు నన్నొక మాటయు అనలేదు. కంచములో అన్నము వడ్డించి, "తినుము" అనిరి.

అయితే కథ అంతటితో ముగియలేదు. 1992లో ఆయన కుమారులు ఆ పొలమును రొయ్యల గుంటలకు కౌలుకిచ్చుటకై నా సలహా నడిగిరి. ఒకమారు తప్పు చెప్పినవాడనగుటచే వలదని గట్టిగా చెప్పజాలనైతిని. 1994–95లో తెల్లమచ్చల తెగులు వచ్చినది. కౌలుదారులు పోయిరి, ఉప్పు మిగిలినది. గుంటకట్టలు మురుగును బిగించినందున ప్రక్క పొలములును చెడినవి. 1996 డిసెంబరు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము రొయ్యల సాగును గూర్చి కఠినమైన తీర్పు నిచ్చినది. 2005లో ప్రత్యేక చట్టము వచ్చినది. రొయ్యలవలన బ్రదికినవారును మనలో పెక్కురు గలరు, వారిని నిందింపను. తీర్పులును చట్టములును నేలలోని ఉప్పును కడుగజాలవని మాత్రము చెప్పుదును.

సభవారికి నా విన్నపములు మూడు. కౌలుపత్రము వ్రాయుటకు ముందు మట్టిని పరీక్ష చేయించుడు. మురుగుకాలువ ఏ యొక్కనిదియు గాదు. ఊరంతయు గలసి త్రవ్వుకొనుడు. మన విద్యార్థినిధినుండి యేటేట ఒక బాలునిగాని బాలికనుగాని భూసారశాస్త్రము చదువ బంపుడు. ఆ బిడ్డకు ఒక్కమాట చెప్పి పంపుడు: పరీక్షనాళిక పట్టుటకు ముందు రైతు మాట వినవలెను.

వినని నేను రెండు పంటలు పోగొట్టితిని.