పటము కట్టింపని బొమ్మల సంరక్షణము



తెలుగింటిలో అచ్చుబొమ్మకు రెండు జన్మములు. మొదటిది ముద్రాలయములో, రెండవది దానిని పటము కట్టించినపుడు. ఈ రెండవ జన్మమునకు నోచుకొనని బొమ్మలు ప్రతిగృహమునందును కలవు. తాత తిరునాళ్ళలో కొనితెచ్చిన లక్ష్మీసరస్వతులు, కిరాణాదుకాణమువారు ఏటేట ఇచ్చిన క్యాలెండర్ల పైభాగములు, మాసపత్రికనుండి జాగ్రత్తగా తీసిన వర్ణచిత్రములు, పట్టణమునుండి కుమారుడు తెచ్చిన నాటకపు గోడపత్రికలు, ఇవన్నియు చుట్టలుగా చుట్టబడి అటకమీద పడియుండును. ఇంటి పెద్దలు గతించినపిమ్మట ఆ చుట్టలకు గతి యేమి? దేవతల బొమ్మలను చింపుట దోషమని రావిచెట్టు మొదటనో, ఏటినీటనో విడుతురు. తక్కినవి భోగిమంటలోనో, పాతకాగితములవాని తక్కెడలోనో పడును.

చట్రమును అద్దమును లేక బొమ్మ నిలువదని తలచువారు పెక్కురు. ఇది సరియైన తలంపు కాదు. గోడమీది పటము పగలెల్ల వెలుతురును, వానకాలమెల్ల గోడచెమ్మను భరింపవలసినదే. చట్రము లేకున్నను, చీకటిలో, పొడిచోట, చదునుగా పరుండబెట్టిన బొమ్మ అంతకంటె దీర్ఘాయువుగలదై యుండును. లోపము చట్రము లేకుండుటలో లేదు, దాచుటలో నున్నది.

అచ్చుబొమ్మకు ఇంత ఆదరమేల యని అడుగవచ్చును. కిళిమానూరు రాజా రవివర్మ (1848-1906) వ్రాసిన తైలవర్ణచిత్రములు సంస్థానాధీశుల మేడలలో నుండెడివి. అవి సామాన్యుని పూజామందిరమునకు చేరుట 1894లో ఆయన బొంబాయిలో నెలకొల్పిన శిలాముద్రణాలయము చలువయే. ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క రాతిని సిద్ధపరచి, ఒకే కాగితమును పలుమారులు అచ్చొత్తి, పైని వార్నీషు పూసి, తైలచిత్రమే యను భ్రాంతి గొలిపెడివారు. శృంగారనైషధము చదువనివారికిని దమయంతి హంసతో ముచ్చటించు తీరు ఎరుకయే యన్న, అది ఆ బొమ్మ చేసిన ఉపకారము. ఆ ముద్రణాలయము తరువాత లోనావ్లా చెంతనున్న మళవలికి తరలి, ఫ్రిట్జ్ ష్లైషర్ అను జర్మను దేశీయుని వశమయ్యెను. 1972లో జరిగిన అగ్నిప్రమాదమున అచటి సొత్తు చాలవరకు భస్మమైనది. అప్పటినుండి జనుల పెట్టెలలో దాగిన ప్రతులకే విలువ హెచ్చినది.

తెలుగు చిత్రకారుల విషయమును ఇట్టిదే. దామెర్ల రామారావు ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే 1925లో కీర్తిశేషుడయ్యెను. ఆయన మూలచిత్రములను చూడగోరువాడు రాజమహేంద్రవరపు చిత్రశాలకు పోవలెను. పోలేనివానికి అచ్చుప్రతియే దిక్కు. వడ్డాది పాపయ్య చందమామకును యువకును వ్రాసిన ముఖచిత్రములను ఎందరు దాచుకొనలేదు! ఇక కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు వ్రాయగా శివకాశిలో అచ్చయిన క్యాలెండరు దేవతలు చేరని ఊరు లేదు. (గ్రంథాలయపు ప్రతులనుండియే బొమ్మలను కోసికొనిపోవు రసికులును కొందరు కలరు. వారిని గూర్చి శుభసమయమున మాటలాడుట మర్యాద కాదు.)

బొమ్మను కాపాడు చింత క్రొత్తది కాదు. శాకుంతలము ఆఱవ అంకమున దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్రఫలకమును, రాణి వసుమతి వచ్చుచున్నదని తెలియగనే, కాపాడుమని విదూషకునికి అప్పగించును. అతడు దానిని మేఘప్రతిచ్ఛందమను మేడకు కొనిపోవును. రాణి కంటబడకుండుటకు అది తగినచోటే. కాని బొమ్మ ఆరోగ్యమునకు ఎత్తైన మేడయు, ఇంటి అటకయు ఒక్కటియే. కప్పుక్రింది వేడిమి, పైనుండి కాఱు వాన, పక్షుల రెట్ట ఈ మూడును అచట సిద్ధముగానుండును.

బొమ్మ శత్రువులలో మొదటిది వెలుతురు. రహదారిప్రక్క టీదుకాణములో పదియేండ్లు వ్రేలాడిన సీతారాముల పటమును చూడుడు. పసుపును ఎఱుపును ముందుగా ఎగిరిపోయి నీలము మిగులును. రామునికి అది తగియున్నది. సీతయు లక్ష్మణుడును కూడ నీలమేఘశ్యాములైపోవుదురు. ఒకమారు పోయిన వన్నెను మరల తేగల ఔషధము లేదు.

రెండవ శత్రువు కాగితములోనే పుట్టును. కొయ్యగుజ్జుతో చేసిన చవుకకాగితమున లిగ్నిన్ అను పదార్థముండును. సిరా ప్రాకకుండుటకై పటికతో కూడిన బంకను చేర్చుటయు పూర్వపు వాడుక. వీనివలన నానాటికి ఆమ్లము పెరిగి కాగితము పసుపుబారి, అప్పడమువలె విఱుగును. వార్తాపత్రిక ఈ జాతిలో మిక్కిలి నాసిది. అట్టి వార్తాపత్రికలోనే బొమ్మలను చుట్టి, భద్రముగా దాచితిమని ఇల్లాండ్రు సంతసింతురు. ఆ ఆమ్లము ప్రక్కనున్న మంచి కాగితమునకు కూడ ప్రాకును.

తేమ మూడవది. గాలిలోని సాపేక్షార్ద్రత నూటికి 65 పాళ్ళు దాటి కొన్నాళ్ళు నిలిచిన బూజు పట్టుటకు వీలగును. 50 పాళ్ళ పరిసరమున నుండుట కాగితమునకు హితము. సముద్రతీరపు జిల్లాలలో వానకాలమున ఇది ఆశింపదగినది కాదు గనుక, గోడచెమ్మకును నేలచెమ్మకును దూరముగా నుంచుటయే చేయదగిన పని. చెదలు, బొద్దింక, వెండివన్నెతో జరజర ప్రాకు చిన్నపురుగు ఆ చెమ్మనే వెదకికొని వచ్చును. వానికి కాగితముకంటె మైదాజిగురు రుచి.

ఇవి పరులు చేయు కీడు. ప్రేమతో చేయు కీడు ఇంతకంటె ఘోరమైనది. చినిగినచోట పారదర్శకపు టేపు అంటింతురు. కొన్నియేండ్లకు టేపు ఊడిపోయినను దాని గోధుమవన్నె మరక ఊడదు. గుండుసూది త్రుప్పు పట్టును. రబ్బరు పట్టీ కరగి అంటుకొనును. బొమ్మను అట్టకు మైదాజిగురుతో అతికినచో పురుగుకు విందు. లామినేషను చేయించినచో, దానిని మరల విడదీయుట నిపుణులకును కష్టము. వాసనగొట్టు మెత్తని ప్లాస్టిక్కు సంచులు వేసవిలో వార్నీషు బొమ్మలకు అంటుకొనిపోవును. తాటాకు గ్రంథములకు నిమ్మగడ్డినూనె పూయుట పెద్దల ఆచారము. తాటాకునకు అది మేలే, కాగితమునకు నూనెమరక. బూజు పోవుటకని మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేయువారు బూజుతోపాటు వన్నెను కూడ పోగొట్టుకొందురు. నీడలో, గాలి వీచుచోట ఆరనిచ్చి, ఇంటివెలుపల ముక్కునకు గుడ్డ కట్టుకొని మెత్తని కుంచెతో తుడిచిన చాలును.

దాచు విధము కష్టమైనది కాదు. బొమ్మకంటె నలుప్రక్కల రెండంగుళములు పెద్దవగు గట్టి అట్టలు రెండు తీసికొని, ఒకప్రక్క నూలుపట్టీతో కీలువలె కట్టి, తక్కిన మూడుప్రక్కల ముడివేయుటకు పట్టీలుంచవలెను. పట్టణములలో ఆమ్లరహితమగు అట్టయు కాగితమును దొరకును. ఒక్కమారు తెప్పించుకొనిన పదుగురు పంచుకొనవచ్చును. అవి దొరకనిచో, బాగుగా ఉతికి గంజిపెట్టని తెల్లని పలుచని నూలుగుడ్డను బొమ్మకు బొమ్మకు నడుమ పఱచవలెను. కరణముల కవిలెకట్టలకు ఎఱ్ఱగుడ్డ చుట్టుట పూర్వాచారమే యైనను, చెమ్మ తగిలిన ఎఱుపు దిగును గనుక బొమ్మలకు అది పనికిరాదు. జరీయు తళుకులును కుట్టి అలంకరించిన పాత లక్ష్మి పటములున్నచో వానికి వేఱు అట్టలుండవలెను. ఆ లోహపు తునకలు ప్రక్కబొమ్మను గీరును, త్రుప్పు నంటించును.

ఈ అట్టలను రంగువేసిన ఇనుపబీరువాలో, లోపలిగోడ వైపున, అడుగుఅరకు పైన చదునుగా నుంచుట ఉత్తమము. ట్రంకుపెట్టెయైన నాలుగిటుకలపై నిలుపవలెను. పరుపుక్రింద దాచుట వలదు. ఎండిన వేపాకును గుడ్డమూటలో కట్టి ఒక మూల నుంచవచ్చును. అది పురుగును కొంత జంకించునే కాని చంపదు. నాఫ్తలీను ఉండలు పసిబిడ్డలకు ప్రమాదకరములు గనుక వానిని విడుచుటయే మేలు. బీరువాను శుభ్రముగానుంచుటకు మించిన మందు లేదు.

ఏండ్లతరబడి చుట్టగానున్న బొమ్మను ఒక్క ఊపున విప్పరాదు. నడివేసవిలో అసలే వలదు. అప్పుడు కాగితము ఎండి పెళుసుబారియుండును. వానలు మొదలైన తరువాత కొన్నిదినములు గదిలో నుంచిన కాగితము తానే మెత్తబడును. అప్పుడు కొంచెముకొంచెముగా విప్పి, పైని శుభ్రమైన కాగితమును, చదునైన పలకను ఉంచవలెను. వార్నీషు పగులు బొమ్మను బలాత్కరింపక నిపుణులకు చూపవలెను. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమునందు సంరక్షణశాల కలదు. చుట్టగానే ఉంచక తప్పని పెద్ద గోడపత్రికను నాలుగంగుళములకు తక్కువకాని లావు గొట్టమునకు మంచికాగితము చుట్టి, దానిపై వదులుగా చుట్టవలెను. ఇరుకైన గొట్టములోనికి దూర్చుట దానిని నలుపుటయే.

వరదలోనో కప్పు కాఱియో తడిసిన బొమ్మలు ఒకదానికొకటి అంటుకొనినచో లాగరాదు. గట్టి పలకపై నున్నవి యున్నట్లే పరచి, అద్దుడుకాగితముతో అద్ది, నీడలో గాలికి ఆరనీయవలెను.

నిత్యము చూడవలెనన్న కోరిక సహజమైనది. దానికి చేతిఫోనుతో నొక ప్రతి తీయించి, అచ్చువేయించి గోడకు తగిలించిన, అది వెలసినను చింతలేదు. మూలమును ఏటికొకసారి, కార్తికమున వానలు వెనుకబడినపిమ్మట, కడిగి తుడిచిన పొడిచేతులతో తీసి, రెండుచేతులతో ఎదురెదురు మూలలు పట్టి, పురుగు బూజు చూచి, గుడ్డలు మార్చవలెను. అప్పుడే అట్టమీద, బొమ్మమీద కాదు, పెన్సిలుతో వ్రాయవలెను: బొమ్మ పేరు, తెచ్చినవారెవరు, ఏ తిరునాళ్ళలో, ఏ సంవత్సరమున. సిరాతో వ్రాయరాదు, చెమ్మకు ప్రాకును. ఆ సంగతి తెలిసిన ముదుసలి ఇంటిలో నున్నపుడే అడిగి వ్రాసికొనవలెను.