దాగియున్న విత్తనము
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



కృష్ణా డెల్టా రైతునకు తుంగను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మొలకను కోసినంతనే చేను శుభ్రముగ కనబడును. మన్నులోని గడ్డ మాత్రము చావదు. తడి తగిలిన కొలది దినములకే అది మరల తల యెత్తును. పిల్లలకు వచ్చు లుకేమియా యను రక్తపు క్యాన్సరునందు వైద్యులెదుర్కొన్న చిక్కు ఇట్టిదే.

రక్తము ఎముకల లోపలి మూలుగయందు పుట్టును. అచ్చటి మూలకణములు కొన్నియే యైనను, జీవితాంతము ఎర్రకణములను, తెల్లకణములను పుట్టించుచుండును. తెల్లకణముగ ఎదుగవలసినది దారి తప్పి, పక్వము గాక, మితిమీరి పెరుగుటయే లుకేమియా. మూలుగ వానితో నిండిపోగా మంచి రక్తమునకు చోటు చాలదు. బిడ్డ పాలిపోవును, జ్వరము విడువదు, చిగుళ్లనుండి రక్తము కారును, ఒంటిపై కమిలిన మచ్చలు పడును, ఎముకలు నొచ్చును. ఇది అంటువ్యాధి గాదు. ఎవరి పాపఫలమును గాదు.

1947కు పూర్వము ఈ జబ్బు సోకిన పిల్లలు కొలది వారములలో, నెలలలో మరణించుచుండిరి. ఆ చీకటిలో తొలిదీపమునకు చమురు పోసినవాడు తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు రాజమహేంద్రవరమునను మదరాసునను చదివి అమెరికా చేరెను; 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన సాగించెను. కణము రెండుగ చీలుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఆ ఆమ్లమును పోలియుండి, దాని పనికి అడ్డుపడు అమినోప్టెరిన్‌ను ఆయన బృందము తయారుచేసెను. బోస్టను పిల్లల వైద్యశాలలో డాక్టరు సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకిచ్చెను. 10 మందికి గుణము కనబడెను. 1948 జూనులో ఆ ఫలితము ప్రకటితమయ్యెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను.

అయితే ఫార్బర్ తన వ్యాసమునకు పెట్టిన పేరులోనే 'తాత్కాలిక' మను మాట కలదు. గుణము నెలలే నిలిచెను. జబ్బు తిరిగి వచ్చెను. ఏల?

ఈ మందులలో పెక్కు చీలుచున్న కణమునే చంపును. మూలుగ మూలలలో నిద్రించు కణము వానికి చిక్కదు. 1994లో టొరాంటోలో జాన్ డిక్, ఆయన సహచరులు మైలాయిడ్ జాతి లుకేమియా కణములను ఎలుకలలోనికి ఎక్కించి చూచిరి. రెండు లక్షల యాబదివేలలో ఒక్క కణమునకే జబ్బును మరల మొలిపించు శక్తి యున్నట్లు తేలెను. మూలకణమును పోలిన ఆ కణమే తుంగగడ్డ వంటిది. పిల్లలలో అధికముగ కనబడు లింఫోబ్లాస్టిక్ జాతియందు సంగతి ఇంత సూటిగ లేదు. అందు పలు దశల కణములు విత్తనము కాగలవని, నిద్ర వానికి తాత్కాలికావస్థయే కావచ్చునని తరువాతి పరిశోధనలు సూచించినవి.

లెక్క చూచిన విషయము బోధపడును. జబ్బు బయటపడునాటికి దేహమున సుమారు లక్షకోట్ల చెడు కణములుండును. తొలి నెల చికిత్సతో సూక్ష్మదర్శినికి కనబడనంతగ తగ్గినను, ఇంకను వేయికోట్ల వరకు మిగిలియుండవచ్చును. నేటి పరీక్షలు పదివేలలో ఒక్క చెడు కణమును సైతము పట్టగలవు. అట్లు మిగిలినవానిని బట్టియే చికిత్స తీవ్రత నిర్ణయమగును.

1962లో మెంఫిస్‌లో తెరచిన సెయింట్ జూడ్ వైద్యశాలయందు డాక్టరు డొనాల్డ్ పింకెల్ పలు మందులను కలిపి, మెదడున దాగిన కణములను గూడ వెదకి చంపు పద్ధతిని నెలకొల్పెను. ఆ దశాబ్దము చివర చికిత్స పొందిన పిల్లలలో సుమారు సగము మంది నిలిచిరి. నేడు సంపన్న దేశములలో నూటికి 90 మంది బ్రతుకుచున్నారు. జబ్బు తిరుగబెట్టిన పిల్లలకై, రోగి రక్షకకణములనే తీర్చిదిద్ది పంపు కార్-టి చికిత్సను 2017లో అమెరికా ఆమోదించెను. దానిని గూడ తప్పించుకొను కణములు కలవు, వెదకులాట ఆగలేదు.

మన గ్రామములకు ఇందులో ముఖ్యమైన మాట ఒక్కటి. మొదటి నెల దాటగనే జ్వరము పోవును, బిడ్డ ఆడుకొనును. "తగ్గినది గదా, బెజవాడకు దారిఖర్చులేల, పని చెడగొట్టుకొననేల" అని కొందరు మానివేయుదురు. చేను శుభ్రముగ కనబడిన వేళ గడ్డను వదలుట వంటిదే ఇది. మొత్తము చికిత్స రెండు మూడేండ్లు సాగును. పిమ్మటి దశలో దినదినము, వారవారము ఇచ్చు మాత్రలలో మెథోట్రెక్సేట్ ఒకటి. అదియు సుబ్బారావు బృందము ఇచ్చినదే. దానిని నడుమ ఆపుట, నిద్రించు శత్రువును మేలుకొనుమని పిలుచుటయే.

కావున ఇరుగుపొరుగువారు అట్టి తల్లిదండ్రుల చేను చూచుట, తక్కిన బిడ్డలకు అన్నము పెట్టుట, బండిఖర్చుకు చేయి కలుపుట వైద్యములో భాగమే. చదువు వచ్చినవారు మందుచీటిలోని తేదీలను చదివి చెప్పుటయు అట్టిదే. ఇరువదియైదేండ్లు అక్షరమును కాపాడిన గ్రంథాలయము, ఒక్క బిడ్డ చికిత్స నడుమ ఆగకుండ చూచినను, ఈ రజతోత్సవము సార్థకమగును.