దెబ్బలకు సాక్ష్యం ఎవరు?



ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఆడమనిషి చేతిలో ఒకరోజు భర్త చనిపోతే? చంపడం ఒప్పని మేము అనడం లేదు. కానీ హత్య అని తేలితే యావజ్జీవానికి తక్కువ శిక్ష వేసే వీలు జడ్జికి లేదు. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టడం వల్ల జరిగిందని తేలితే నేరం తీవ్రత తగ్గుతుంది. ఆమె బాధ ఒక్క క్షణానిది కాదే! ఏళ్ల తరబడి సాగిన వేధింపునూ లెక్కలోకి తీసుకోవచ్చని 1989లో మద్రాసు హైకోర్టు అంది. 2013లో గువాహటి హైకోర్టు అలాంటి ఒక భార్య మీది హత్యానేరాన్ని తగ్గించింది. న్యూయార్క్‌లో ఇలాంటివారి శిక్ష తగ్గించడానికి 2019లో చట్టమే వచ్చింది. మనకు అలాంటిది లేదు.

మన గూడేల్లో, తండాల్లో గొడవలు పెద్దమనుషుల దగ్గరే తెగిపోతాయి. కాగితం మిగలదు. రేపు కోర్టులో ఆ దెబ్బలకు సాక్ష్యమూ ఉండదు.

అందుకే పంచాయితీ జరిగిన రోజే రాసి పెట్టండి. ఆసుపత్రి చీటీ దాచండి. 2005 గృహహింస చట్టం కింద ముందే రక్షణ అడగండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, ఫోన్ 15100.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ మాట ఇంటింటికీ చెప్పి రండి. మేము కోరేది అంతే.